అమెరికా డైనరు: అర్ధరాత్రి పంక్తి

అమెరికా నగరాలలో ఊరంతా నిద్రపోయాక కూడా దీపం వెలుగుతూ కనిపించే చిన్న భోజనశాలను డైనరు అంటారు. సినిమాలలో అందరమూ చూసినదే. పొడుగాటి బల్ల, దాని ముందు గుండ్రంగా తిరిగే ఎత్తు పీటలు, బల్లకు అవతల పెనం, పెనం దగ్గర వంటవాడు. ఆ పీట మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు అన్నదానికి ఒక చరిత్ర ఉన్నది. డర్బనులో పుట్టి పెరిగిన మా తరం వారికి ఆ చరిత్ర పరాయిది కాదు. అందుకే ఈ సంచికకు దానిని ఎంచుకున్నాము.

కథ 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో మొదలవుతుంది. అక్కడి పత్రికా కార్యాలయాలలో రాత్రంతా అచ్చుపని జరిగేది. హోటళ్లు మాత్రం రాత్రి 8 గంటలకల్లా తలుపులు వేసేవి. ఆ పనివారి ఆకలి వాల్టర్ స్కాట్ అనే మనిషికి తెలుసు, ఎందుకంటే తానూ అచ్చుయంత్రం దగ్గర పనిచేసినవాడే. (నవలలు వ్రాసిన సర్ వాల్టర్ స్కాట్ ఈయన కాదు.) ఆయన ఒక గుర్రపు బండి సిద్ధం చేసుకొని, ప్రావిడెన్స్ జర్నల్ పత్రిక కార్యాలయం ఎదుట నిలిపి, సాండ్‌విచ్‌లు, ఉడికించిన గుడ్లు, పై, కాఫీ అమ్మాడు. చాలావాటి ధర 5 సెంట్లే. ఆయన బండిలో కూర్చొని కిటికీలోంచి అందిస్తే, తినేవారు వీధిలో నిలబడి తినేవారు. వాన వచ్చినా, మంచు పడినా అంతే.

1887లో వూస్టర్ పట్టణంలో శామ్యూల్ జోన్స్ జనం లోపలికి వచ్చి తినగలిగే బండిని తెచ్చాడు. 1891లో అదే ఊరి చార్లెస్ పామర్ అటువంటి బండికి పేటెంటు పొందాడు. న్యూయార్క్‌లో మద్యపాన నిషేధం కోరే చర్చి సంఘం వారు కూడా, సారాయి కొట్టుకు పోయేవాడిని కాఫీతో ఆపవచ్చునని, ఇటువంటి బండ్లు పెట్టించారు. వాటికి గుడ్లగూబ అని పేరు. మనకు అపశకునపు పక్షి. వారికి రాత్రి అన్నం పెట్టే పక్షి!

బండి ఇల్లుగా మారడానికి కారణం మునిసిపాలిటీలు. రాత్రి వచ్చిన బండ్లు తెల్లవారినా కదలకపోవడంతో, ఫలానా గంటకల్లా వీధి ఖాళీ చేయాలని కొన్ని నగరాలు ఆజ్ఞలు జారీ చేశాయి. యజమానులు చిన్న స్థలాలు అద్దెకు తీసుకొని బండిని అక్కడ దింపి, పగలు కూడా అమ్మకం సాగించారు. అదే కాలంలో విద్యుత్తు ట్రాములు వచ్చి పాత గుర్రపు ట్రాములు చవకగా దొరికాయి. వాటినీ భోజనశాలలు చేశారు. రైలులోని భోజనపు పెట్టెను పోలి ఉన్నందున డైనరు అన్న పేరు స్థిరపడింది. వూస్టర్‌లోని కర్మాగారం ఒకటి 1906 నుండి 1957 దాకా ఇవే తయారు చేసింది. బల్ల, పీటలు, పొయ్యి అన్నీ అమర్చిన డైనరును సారె సామానుతో సహా అత్తవారింటికి పంపినట్లు ఊళ్లకు పంపేవారు.

మొదట్లో అది మగవారి చోటు. 1920ల నుండి స్త్రీలకు స్వాగతమని బోర్డులు పెట్టి, పీట ఎక్కడానికి మొగమాటపడేవారి కోసం గోడ వారగా ఎదురుబొదురు బల్లలు వేశారు.

భోజనం సంగతి చెప్పకపోతే డైనరు గురించి చెప్పినట్లు కాదు. అమెరికా వెళ్లినప్పుడు మేమూ అర్ధరాత్రి దాటాక ఆ పీట ఎక్కినవారమే. రాత్రి రెండు గంటలకు ఉదయపు ఫలహారం అడిగినా ఎవరూ వింతగా చూడరు. మాంసం ముట్టనివారికి కాల్చిన రొట్టె, పెనం మీద ఎర్రగా వేయించిన బంగాళదుంప తురుము, పాన్‌కేకులు ఉంటాయి. కాకపోతే పెనం ఒక్కటే, దాని మీద ముందు ఏమి వేగిందో అడగకపోవడం మంచిది. కప్పు ఖాళీ కాకముందే కాఫీ మళ్లీ పోస్తారు. పాత డైనర్లలో వడ్డించేవారు వంటవాడికి కేకవేసే భాష మరీ సొగసు: నీటిలో వండిన రెండు గుడ్లు రొట్టె మీద కావాలంటే, తెప్ప మీద ఆదాము, అవ్వ అని అరిచేవారు. పక్క పీట మీద టాక్సీ డ్రైవరు, అటుపక్క ఆసుపత్రి నర్సు. ముందుగా వచ్చినవాడు ముందు కూర్చుంటాడు.

ఎడ్వర్డ్ హాపర్ 1942లో చిత్రించిన ‘నైట్‌హాక్స్’ చికాగో చిత్రశాలలో ఉన్నది. పెద్ద అద్దం వెనుక, దీపాల వెలుగులో, బల్ల దగ్గర ముగ్గురు, వడ్డించేవాడొకడు. చూసినవారు ఒంటరితనం గురించి మాట్లాడతారు. మాకు తోచినది వేరు. వీధిలోంచి ఆ అంగడిలోకి పోవడానికి చిత్రంలో ఎక్కడా ద్వారం లేదు.

నిజంగానే చాలామందికి ద్వారం లేదు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు నగరం నడిబొడ్డున ఉన్న వూల్‌వర్త్ అంగడిలో భోజనపు బల్ల ముందు కూర్చొని, వడ్డించకపోయినా లేవలేదు. ఆ జూలైలో ఆ బల్ల అందరిదీ అయింది. 1961లో చాద్ దేశపు రాయబారి న్యూయార్క్ నుండి వాషింగ్టన్‌కు కారులో పోతూ, మేరీలాండ్‌లో 40వ నంబరు రహదారి పక్కన ఒక డైనరులో ఆగితే బయటకు పొమ్మన్నారు. అదే ఏడాది బాల్టిమోర్‌లోని నల్లవారి పత్రిక విలేఖరులు ముగ్గురు ఆఫ్రికా వేషాలు వేసుకొని, గోబాన్ అనే లేని దేశపు ప్రతినిధులమని చెప్పి ఆ రహదారి హోటళ్లకు వెళ్లారు. కొన్నిచోట్ల మర్యాదగా వడ్డించారు! సొంత దేశపు పౌరుడికి దొరకని పీట, లేని దేశపు మంత్రికి దొరికింది. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చాక గాని దేశమంతటా ఆ ఆంక్ష చట్టవిరుద్ధం కాలేదు.

మాకు మరో ఇరవై ఆరేళ్లు పట్టింది. 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల చట్టం 1990లో రద్దయింది. మా చిన్నతనంలో డర్బను నడిబొడ్డున తెల్లవారి టీ గదులలో మనవారికి కుర్చీ లేదు. డబ్బు తీసుకొని పొట్లం చేతికిచ్చేవారు. గ్రే స్ట్రీటులో మన భారతీయుల హోటళ్లు ఉండబట్టి ఆకలి తీరేది. కానీ రొట్టె తొలిచి కూర నింపే మన బన్నీ చౌ గురించి చెప్పుకునే కథలలో ఒకదాని ప్రకారం, లోపల కూర్చోనివ్వని నల్లవారికి బయట అందించడానికే అది పుట్టింది. బన్నీ చౌ మనదని గర్వంగా చెప్పేటప్పుడు ఈ కథను వదిలేస్తుంటారు. చట్టం రాకముందే పంక్తి బాహ్యుడు అన్న మాట మన భాషలో ఉన్నది. సహపంక్తి భోజనమని సంస్కర్తలు వేరే పేరు పెట్టి మరీ జరిపించవలసి వచ్చింది. సాయంకాలపు తరగతిలో ఈ రెండు మాటలూ పక్కపక్కన బోర్డు మీద వ్రాసినప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి గంట చాలదు.

2020లో కోవిడ్ వచ్చిన తరువాత అమెరికాలో చాలా డైనర్లు రాత్రివేళలు తగ్గించుకున్నాయి. పనివారు దొరకడం లేదు, ఖర్చులు పెరిగాయి. ప్రావిడెన్స్‌లో మాత్రం, గుర్రపు బండిగా మొదలైన హేవెన్ బ్రదర్స్ అనే భోజనశాల ఇప్పుడు లారీ మీద సాయంత్రానికి నగర సభా భవనం పక్కకు వచ్చి నిలుస్తుంది. లోపల కొద్ది పీటలే ఉన్నాయి. అవి నిండితే మిగిలినవారు, వాల్టర్ స్కాట్ నాటి వలెనే, వీధిలో నిలబడి తింటారు.