చిల్లు మూయడానికి ఇంకో చోట కొయ్యడమా? పొట్ట హెర్నియా ఆపరేషన్ కథ

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా పెద్దమ్మ.

గర్భసంచి ఆపరేషన్ అయ్యాక పాత కుట్టు దగ్గర ఆవిడకి ఒక ఉబ్బు వచ్చింది. "గాలి చేరిందిలే" అంటూ నాలుగేళ్లు కొంగు కప్పుకుని తిరిగింది. చివరికి డాక్టర్ చూసి హెర్నియా అన్నారు. చాలా పెద్దదైపోయింది, పక్కనున్న కండరాల పొర కోసి వదులు చేస్తేగానీ మూయలేం అన్నారు. నాకు మైండ్ బ్లాంక్. ఉన్న చిల్లు చాలదన్నట్టు ఇంకో చోట కొయ్యడమేంటి? ఆ డౌట్‌తో చరిత్ర తిరగేశా.

ముందు బేసిక్స్. పొట్ట గోడ అంటే కండరాలు, వాటిని పట్టి ఉంచే గట్టి పొరలు. ఆ గోడ ఎక్కడైనా వీక్ అయితే లోపలి పేగో, కొవ్వో బయటికి తోసుకొస్తుంది. అదే హెర్నియా.

1880ల్లో ఇటలీ సర్జన్ ఎడ్వర్దో బస్సీని, గజ్జల్లో వచ్చే హెర్నియాకి గోడని పొరలవారీగా మళ్లీ కట్టి చూపించాడు. ఆధునిక హెర్నియా సర్జరీ అక్కడే మొదలైంది. కానీ పొట్ట మధ్యలో పెద్ద చిల్లు పడితే అంచులు లాగి కుట్టడం సరిపోలేదు. దగ్గినా, లేచినా ఆ కుట్టు మీదే లాగుడు. పాత గుడ్డని బిగించి కుడితే కుట్టు పక్కనే చిరుగుతుంది కదా, అచ్చం అలాగే.

అప్పుడొచ్చింది ప్యాచ్. 1950ల చివర్లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ దారంతో నేసిన మెష్ వాడాడు. దాని పేరు మార్లెక్స్. అప్పట్లో పిల్లలు నడుముకి తిప్పుకునే హులా హూప్‌లు కూడా ఆ ప్లాస్టిక్‌వే! తర్వాత ఫ్రాన్స్‌లో రీవ్, స్తొప్పా అనే సర్జన్లు మెష్‌ని కండరం వెనక పెట్టారు. ట్యూబ్‌లెస్ టైర్‌కి లోపలి నుంచి ప్యాచ్ వేసినట్టు. లోపలి ఒత్తిడే దాన్ని గోడకి అదిమి పట్టుకుంటుంది.

2000లో నెదర్లాండ్స్ సర్జన్లు లెక్క తేల్చారు. పాత కోత దగ్గర వచ్చిన, 6 సెంటీమీటర్ల లోపు హెర్నియాల్లో, ఉత్త కుట్లు వేస్తే మూడేళ్లలో 43 శాతం తిరిగొచ్చాయి. మెష్ వేస్తే 24 శాతం. బెటరే, కానీ ఇవి చిన్న చిల్లులు. అంచులే కలవనంత పెద్దదైతే?

అర్జెంటీనాలో గోన్యీ మొరేనో 1940ల్లోనే ఒక దారి చూపించాడు. ఆపరేషన్‌కి ముందు కొన్ని రోజులు పొట్టలోకి గాలి ఎక్కించి, పేగులు వెనక్కి వెళ్లడానికి చోటు చేశాడు. 1990లో అమెరికాలో ఆస్కార్ రామిరెజ్ టీమ్ అసలు మలుపు తిప్పింది. పక్కన మూడు పొరల కండరాలుంటాయి. అన్నిటికన్నా పై పొరని విడదీస్తే, మధ్య కండరం నడుము దగ్గర ఒక్కో వైపు 10 సెంటీమీటర్ల దాకా జరుగుతుందని చూపించారు. కాకపోతే అందుకు చర్మాన్ని బాగా లేపాలి, పుండు మానడం కష్టమయ్యేది. 2012లో నోవిట్‌స్కీ టీమ్ వెనక నుంచి వెళ్లి, లోపలి పొరని వదులు చేసే పద్ధతి ప్రచురించింది. పెద్ద మెష్‌కి చోటు కూడా దొరికింది.

ఇదంతా పెద్దమ్మకి చెప్తే ఒక్క ముక్కలో తేల్చేసింది: "జాకెట్‌కి ముందు హుక్స్ పడకపోతే పక్క కుట్లు విప్పుతాం గదరా, అంతేగా!"

అంతే. గట్టిగా లాగడం నుంచి వదులు చెయ్యడం దాకా, నూరేళ్ల ప్రయాణం ఇదే.

పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కానీ నాలుగేళ్ల ముందే చూపించి ఉంటే, ఇంత పెద్ద ఆపరేషన్ అవసరం పడేది కాదేమో. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఉబ్బు దాచుకుంటున్నారేమో ఒకసారి అడగండి. అది గట్టిపడి, నొప్పి పెట్టి, వాంతులైతే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!