‘సియర్’ గ్రంథాల నుంచి సోర్బాన్ దాకా: డా॥ హమీదుల్లా న్యాయశాస్త్ర ప్రస్థానం

న్యాయశాస్త్ర పట్టభద్రులలో చాలామంది కోర్టు మెట్లెక్కుతారు. హైదరాబాదులో జన్మించిన డా॥ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) కూడా ఎల్.ఎల్.బి. పట్టా పుచ్చుకొన్నవారే. కాని ఆయనకు పేరు తెచ్చినది వకాలతు కాదు, అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో చేసిన పై చదువు.

జామియా నిజామియాలో అరబీ, ఫిఖ్ఃలు అభ్యసించి ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారు. యుద్ధం, సంధి, రాయబారుల రక్షణ వంటి విషయాలను ఫుఖహాలు ‘సియర్’ అనే పేరుతో చర్చించారు. ఇమామ్ ముహమ్మద్ షైబానీ (మరణం హి.శ. 189) గ్రంథానికి సరఖ్సీ చెరసాలలో ఉండగా వ్యాఖ్య చెప్పి వ్రాయించడం ప్రారంభించారు. ఆ వ్యాఖ్యను అచ్చువేసినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్! కనుక మూలం కోసం ఆయన ఐరోపా వెళ్ళనవసరం లేకపోయింది.

మరి ఐరోపా ఏమిచ్చింది? ప్రశ్నలను ఇచ్చింది. అక్కడి పాఠ్యగ్రంథాలు ఈ శాస్త్రానికి 17వ శతాబ్దపు గ్రోషియస్‌ను ఆద్యునిగా చెప్పేవి. ఇతరుల యుద్ధంలో తటస్థంగా ఉండే రాజ్యానికి గల హక్కులేమిటి, బాధ్యతలేమిటి అని అడిగేవి. ఫిఖ్ఃలో దానికి ప్రత్యేక అధ్యాయం లేదు. హమీదుల్లా చరిత్ర గ్రంథాలు వెదికారు. ‘ఇఅ్‌తిజాల్’ అనే పాత అరబీ మాట దొరికింది. దైవప్రవక్త (సఅసం) బనూ జమ్రా తెగతో చేసుకొన్న ఒడంబడిక దొరికింది. ఒకరిపై ఒకరు దాడి చేయరాదు, శత్రువుకు తోడ్పడరాదు అన్నవి అందులోని షరతులు. ఈ తటస్థతపైనే 1933లో బాన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. ప్రవక్త, ఖలీఫాల కాలపు దౌత్యపత్రాలపై 1935లో సోర్బాన్ మరొకటి ఇచ్చింది. మదీనా ఒప్పందాన్ని ఆయన ‘ప్రపంచపు తొలి లిఖిత రాజ్యాంగం’ అన్నారు. ఆధునిక పదాన్ని పాత పత్రానికి తొడగడమే ఇదన్న విమర్శలో కొంత సత్యం లేకపోలేదు. అయితే చెల్లాచెదురుగా ఉన్న ఆ పత్రాలను ఒకచోట చేర్చిన శ్రమను ఆ విమర్శ తగ్గించలేదు.

తిరిగివచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు చేసినప్పుడు ఆ ప్రతినిధివర్గంలో ఆయనా ఒకరు. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి ఫిర్యాదును చర్చకు తీసుకొంది. మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. ఏ రాజ్యం పక్షాన వాదించడానికి వెళ్ళారో ఆ రాజ్యమే లేకుండాపోయింది.

ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. రాజ్యాల పరస్పర ధర్మాలను బోధించిన పండితుడు ఏ దేశపు పౌరుడూ కాకుండా దశాబ్దాలు గడిపారు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకోలేదు. ఫ్రాన్సు జాతీయ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తూ 1959లో ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం వెలువరించారు. విద్యార్థి దశలో పరిచయమైన సరఖ్సీ వ్యాఖ్యను వృద్ధాప్యంలో ఫ్రెంచిలోకి తెచ్చారు. 2002 డిసెంబరు 17న అమెరికాలోని ఫ్లోరిడాలో కన్నుమూశారు.