ఓడలో ఒంటరి విస్తరి

"వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్న నేమి?" అని మనలో నొక సామెత కలదు. పెండ్లిండ్లలోను, సమారాధనలలోను ఈ మాటను నవ్వుచు చెప్పుకొందుము. కాని దీనిని తిరుగవేసి చూచినచో నొక ప్రశ్న పుట్టును. వడ్డించువాడు మనవాడు కానిచోట, బంతిలో నెవ్వరును మనవారు కానిచోట, ఒంటరిగా వచ్చినవాని గతి యేమి? సముద్రయానముల చరిత్రలో ఈ ప్రశ్న మాటిమాటికి ఎదురగుచునే యున్నది. నేలపై ప్రయాణించువాడు ఒక పూటకూళ్ల యిల్లు నచ్చకున్న మరియొక చోటికి పోగలడు. ఓడ యెక్కినవానికి ఉన్నది ఓడలోని వంటశాలయే. నడిసముద్రమున దిగిపోవుటకు దారి లేదు.

1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిరి. వారి వెంట సుమారు నూరుగురు పరివారము నడచిరి. అనగా వారి బంతి వారితోడనే ప్రయాణము చేసినదన్నమాట. ఆ సంవత్సరమే నవంబరులో రాజా రామమోహనరాయ్ కలకత్తానుండి 'ఆల్బియన్' అను ఓడలో ఇంగ్లండునకు పయనమైరి. పెంపుడు కుమారుడును, పరిచారకులును వెంట నున్నను, భోజనపు వేళకు ఓడలోని బల్లకు వారు వెలియే. రాయ్‌గారు తమ గదిలోనే భుజించుచుండిరి. వంటకు ప్రత్యేకమైన పొయ్యి లేదు. ఉన్నదొక మట్టి కుంపటి. దానికితోడు పరిచారకులు సముద్రపు వికారముచే పడిపోయి యజమానుని గదినే ఆక్రమించుకొనిరి. వారిని వెడలగొట్టుటకు ఆయన మనసొప్పలేదు.

అయినను ఆ మహనీయు డొక మధ్యేమార్గమును కనుగొనెను. తక్కినవారి భోజనము ముగిసి, బల్లపై గుడ్డ తీసివేసి, పండ్లు మొదలగునవి పెట్టిన పిమ్మట ఆయన గది వెలుపలికి వచ్చి వారితో కూర్చుండి సంభాషించుచుండెడివాడు. కలిసి తినుట వేరు, కలిసి కూర్చుండుట వేరు. ఆచారము మొదటిదానిని అడ్డుకొన్నను, రెండవదానిని ఆయన విడువలేదు. 1831 ఏప్రిలులో లివర్‌పూలున దిగునాటి కాయన తోటి ప్రయాణికులకు పరాయివాడు కాడు.

ఇట్టి చొరవ అందరికిని ఉండదు. 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో 'క్లైడ్' అను ఓడ నెక్కిన మోహనదాసు గాంధీకి అప్పటికి పందొమ్మిదవయేడు నిండలేదు. ఆయన గదిలోనే జునాగఢమునకు చెందిన వకీలు మజుందారుగా రుండిరి. రెండవ తరగతిలో తక్కినవారందరు ఆంగ్లేయులు. గాంధీకి ఆంగ్లమున మాట్లాడుటకు సంకోచము. కత్తియు ముల్లును పట్టుట తెలియదు. వడ్డించు పదార్థములలో మాంసము లేనివి ఏవియో అడుగుటకు ధైర్యము చాలదు. అందుచే ఆయన బల్లకడకు పోవుట మాని, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలతోను పండ్లతోను గదిలోనే గడుపుకొనెను. మజుందారుగారు మాత్రము అందరితో నిస్సంకోచముగ కలిసిమెలసి తిరుగుచు, ఈయనను గూడ అట్లే చేయుమని చెప్పుచుండిరి. తుదకు వయస్సున పెద్దవాడైన ఒక ఆంగ్లేయ ప్రయాణికుడు పలుకరించి, భోజనపు బల్లకు రమ్మని ప్రోత్సహించెను. ఈ సంగతులు గాంధీగారు తమ ఆత్మకథలో స్వయముగ చెప్పుకొన్నవే.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ యువకుడు కోరినది గొప్ప విందు కాదు; "అయ్యా, ఇందులో మాంసము లేదు, మీరు తినవచ్చును" అను నొక్క మాట. నోరు తెరచి అడుగలేనివాని అక్కర నెరిగి ముందుగా పలుకరించుటయే అతిథిసేవలో కష్టమైన భాగము. అడిగినదానిని తెచ్చి యిచ్చుట అంత కష్టము కాదు.

ఆ కాలపు ఓడలలో సేవకు కొదువ యుండెడిది కాదు. పి. అండ్ ఓ. కంపెనీ ఓడల భోజనశాలలలో మన గోవావారు పరిచారకులుగా పేరు గాంచిరి. కాని భోజనశాలలోని ఏర్పాటు నానాటికి మారుచు వచ్చినది. తొలిదినములలో పొడుగు బల్లలు, వానికిరువైపుల పొడుగు బెంచీలు ఉండెడివి. 1871లో వైట్‌స్టార్ కంపెనీవారి 'ఓషియానిక్' ఓడలో బెంచీలకు మారుగ విడివిడి కుర్చీలు వచ్చినవి. 1905లో జర్మనుల 'అమెరికా' అను ఓడలో రిట్జు పేర ప్రత్యేక భోజనశాల వెలసినది. అందు ప్రయాణికుడు వేరుగ సొమ్ము చెల్లించి, తన కిష్టమైన వేళకు తన కిష్టమైనవారితో భుజింపవచ్చును. బెంచీనుండి కుర్చీకి, పొడుగు బల్లనుండి చిన్న బల్లకు జరిగిన ఈ మార్పు సౌఖ్యమును హెచ్చించినది. కాని ఒంటరివానికి ప్రక్కవానితో అప్రయత్నముగ కలుగు పరిచయమును తగ్గించినది.

మరియొక మార్పు ఇంతకంటె పెద్దది. దూరదేశములకు రేవునుండి రేవునకు పోవు ఓడలలో ప్రయాణికుడు సాధారణముగ ఒక పడకకు రుసుము చెల్లించెడివాడు. ఆ గదిలో మరియొక పడక అపరిచితునిదైనను ఆశ్చర్యము లేదు. 1891 జనవరిలో హాంబర్గ్-అమెరికా కంపెనీవారి 'ఆగస్టా విక్టోరియా' ఓడ 241 మంది ప్రయాణికులతో మధ్యధరా సముద్రమున విహారమునకు బయలుదేరినది. గమ్యము చేరుటకు గాక, కేవలము ఉల్లాసమునకై చేయు ఓడ ప్రయాణములకు ఇది తొలి మేల్బంతులలో నొకటి. 1958లో జెట్ విమానములు అట్లాంటిక్కును దాటుట మొదలిడిన పిమ్మట పాత ఓడల పని క్రమముగ తగ్గి, విహారనౌకల యుగము వచ్చినది. ఈ నౌకలలో అమ్మునది పడకను కాదు, గదిని. వెలను ఇద్దరిని లెక్కలో నుంచుకొని తలకింత అని కట్టుదురు. ఒక్కడే వచ్చినచో రెండవవాని వంతు కూడ ఒంటరివాని నెత్తిన పడును. ఒక్కొక్కప్పుడు అది రెట్టింపు వరకు పోవును. కంపెనీవారి లెక్కలో తప్పు లేదు. ఇద్దరు తినవలసినచోట, ఇద్దరు ఖర్చుపెట్టవలసినచోట ఒక్కడే యుండుట వారికి నష్టమే. అయినను భాగస్వామిని పోగొట్టుకొన్న వృద్ధురాలికి ఆ లెక్క ఎట్లు తోచునో ఊహింపవచ్చును.

భోజనమునకు ఈ నౌకలలో మన పెండ్లిండ్లలో వలెనే మొదటి బంతి, రెండవ బంతి ఉండుట చిరకాలపు పద్ధతి. ప్రతిదినము అదే బల్ల, అదే పరిచారకుడు, అదే ఇరుగుపొరుగు. 2000వ సంవత్సరమున నార్వీజియన్ క్రూయిజ్ లైను ఈ కట్టుబాటును సడలించి, ఇష్టమైన వేళకు ఇష్టమైనచోట భుజించు స్వేచ్ఛను కల్పించెను. కుటుంబముల కది వరమే. ఒంటరివానికి మాత్రము ప్రతి సాయంకాలము వాకిట నిలిచి, "ఎందరు?" అన్న ప్రశ్నకు "ఒక్కడనే" అని చెప్పవలసిన స్థితి వచ్చెను. అందుచే అనుభవజ్ఞులు చెప్పున దేమన, ఓడ యెక్కిన దినముననే భోజనశాల అధికారిని కలిసి, ఆరుగురో ఎనమండుగురో కూర్చుండు పెద్ద బల్లను కోరుట మేలు. నచ్చనిచో మరునాడే మార్చుమని అడుగుటకు సంకోచింప పనిలేదు.

ఆ సంస్థయే 2010లో 'నార్వీజియన్ ఎపిక్' నౌకయందు ఒంటరివారికై 128 చిన్న గదులను, వారందరు కలిసికొనుటకు ఒక ప్రత్యేక శాలను నిర్మించెను. 2016లో 'క్వీన్ మేరీ 2' ఓడలో అట్టివి 15 గదులు చేర్చిరి. పడకనుండి గదికి పోయిన లెక్క మరల మనుష్యుని దగ్గరకు కొంత తిరిగివచ్చినది.

నేను ఉద్యోగమునకై ఢిల్లీకి వచ్చిన క్రొత్తదినములు ఇప్పుడు జ్ఞప్తికి వచ్చుచున్నవి. రాత్రివేళ ఒక మెస్సులో మూలనున్న బల్లకడ కూర్చుండి, తలవంచుకొని తిని పోవుచుంటిని. నాల్గవనాడో అయిదవనాడో వడ్డించు వృద్ధుడు నా విస్తరిని చేతబట్టి, "ఆ మూల ఎందుకు బాబూ? ఇలా వచ్చి ఈ అయ్యగారి పక్కన కూర్చోండి. వీరిదీ మీ జిల్లాయే" అనెను. ఆ అయ్యగారు నేటికిని నాకు ఆప్తమిత్రులు. ఆనాటి కూర యేదో నాకు జ్ఞాపకము లేదు.

2023లో విశాఖపట్టణమున విహారనౌకలకై అంతర్జాతీయ టెర్మినలు ప్రారంభమైనది. మన పిల్లలు, ఉద్యోగవిరమణ చేసిన మన పెద్దలు ఆ రేవునుండి ఓడ యెక్కు దినములు వచ్చినవి. వారిలో కొందరు ఒంటరిగనే పోవుదురు. వారికి నేను చెప్పదలచిన దొక్కటే: గదిలో కూర్చుండి మిఠాయిలతో గడుపవలదు, బల్లకడకు పొండు, అడుగుడు. ఇక మన సమాజపు విందులలో వడ్డించు మిత్రులకు ఒక మనవి. కుటుంబములతో వచ్చినవారికి వడ్డించువారు ఎల్లప్పుడు నుందురు. బదిలీపై క్రొత్తగా వచ్చి, కడబంతిని ఒంటరిగ కూర్చున్నవాని విస్తరివైపు ముందుగ ఒకసారి చూడుడు. వడ్డించువాడు మనవాడు కానక్కరలేదు; వడ్డించుటచేతనే మనవాడగును.