ఇంట్లోనే పగడాల సముద్రం.. 3 వేల లీటర్ల రీఫ్ అక్వేరియం కట్టాలంటే ముందు చూసుకోవాల్సినవి ఇవే!

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఒక్కసారైనా కనిపించే ఉంటుంది. హాల్లో గోడంత అద్దం.. వెనక నీలి వెలుగులో ఊగుతున్న పగడాలు.. వాటి మధ్య నారింజ రంగు క్లౌన్‌ఫిష్‌లు. మనింట్లో కూడా ఒకటి కట్టిస్తే బాగుండు అనిపించడం సహజమే. కానీ ఆ ఫ్లోరింగ్ కింద ఏముందో, కరెంట్ పోతే ఏం జరుగుతుందో, అసలు ఆ పగడాలను మన దేశంలో ఇంట్లో పెంచుకోవచ్చో లేదో 30 సెకన్ల వీడియోలో చూపించరు. భారీ రీఫ్ ట్యాంక్ నిలుస్తుందా లేదా అన్నది అద్దం ఆర్డర్ ఇవ్వకముందే తేలిపోతుంది. ఆ వివరాలు ఇప్పుడు చూద్దాం..

ముందు చట్టం సంగతి:

దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉందన్నమాట. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా ఇదే జాబితాలో ఉన్నాయి. షెడ్యూల్-1 కేసుల్లో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, కనీసం రూ.25 వేల జరిమానా పడుతుంది. బతికున్నవే కాదు.. ఎండిన పగడపు ముక్క అయినా లెక్కలోకి వస్తుంది. అండమాన్ టూర్‌లో ఒడ్డున దొరికిందని బ్యాగులో వేసుకొచ్చినా చిక్కే. (ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరే వర్గానికి చెందినది. రెండూ ఒకటే అనుకోవద్దు.)

షాపులో "ఇంపోర్టెడ్ పీస్ సార్, ఏం కాదు" అంటారు. ఆ మాట నమ్మి కొంటే రేపు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. గట్టి పగడాలన్నీ అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కిందకూ వస్తాయి. ఆ జాబితాలోని విదేశీ జీవుల్ని ఇంట్లో ఉంచుకుంటే ప్రభుత్వానికి తెలియజేసి రిజిస్టర్ చేయించాలని 2022 సవరణ చెబుతోంది. మష్రూమ్, జోవాంథిడ్ లాంటి మెత్తని రకాలు గట్టి పగడాల వర్గంలోకి రావు. అయినా కొనే ముందు అటవీ శాఖ వన్యప్రాణి విభాగంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడమే మంచిది.

అందుకే హైదరాబాద్‌లోనో, విశాఖలోనో పెద్ద ట్యాంక్ ప్లాన్ చేసేవాళ్లకు సేఫ్ దారి ఒకటుంది. చేపలు నిజమైనవి, రాళ్లు సిరామిక్‌వి, పగడాలు మాత్రం కృత్రిమమైనవి. వినడానికి చప్పగా ఉన్నా, మంచి లైటింగ్ కింద తేడా పట్టడం కష్టం. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఫామ్‌లలో పెంచిన పగడపు కొమ్మలు షాపుల్లోనే దొరుకుతాయి. టెక్సాస్‌లో ఉండే మనవాళ్లకు ఇంకో లాభం.. అక్కడి ఇళ్లు ఎక్కువగా నేల మీదే పోసిన కాంక్రీట్ స్లాబ్ మీద ఉంటాయి. ఆ లాభం ఏంటో బరువు లెక్క చూస్తే తెలుస్తుంది.

ఐదు టన్నుల బరువు:

పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు 0.9 మీటర్లు.. అంటే సుమారు 10 అడుగులు, 4 అడుగులు, 3 అడుగులు ఉన్న ట్యాంక్ అనుకుందాం. అందులో 3,240 లీటర్లు పడతాయి. ఉప్పునీరు మామూలు నీటికంటే కాస్త బరువు కాబట్టి నీళ్లే 3.3 టన్నులు. 19 మిల్లీమీటర్ల అద్దం వాడితే దాని బరువు అర టన్ను దాటుతుంది. రాళ్లు, స్టాండ్, కింద ఫిల్టర్ ట్యాంక్ కలిపితే మొత్తం దాదాపు 5 టన్నులు. చిన్న కార్లు ఐదింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి హాల్లో ఓ మూల పెట్టినట్టు!

భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇళ్లలోని గదులకు లెక్కేసే లైవ్ లోడ్ చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. మన ట్యాంక్ కింద అది 1,300 కిలోలు దాటుతోంది. పెళ్లికి హాలు నిండా జనం వచ్చినా కాసేపటికి వెళ్లిపోతారు. ఈ బరువు మాత్రం పదేళ్లు అక్కడే ఉంటుంది. స్లాబ్ వెంటనే కూలకపోవచ్చు. కొద్దికొద్దిగా వంగినా ట్యాంక్ లెవెల్ తప్పి, అద్దాల జాయింట్ల మీద ఒత్తిడి పడుతుంది. అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఈ సైజు ట్యాంక్ ఆలోచనే వద్దు. కింద ఇంకో కుటుంబం ఉంటుంది కదా.

గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి ఫర్వాలేదు అనుకోవద్దు. కింద సెల్లార్ ఉంటే అది కూడా గాల్లో ఉన్న స్లాబే. సెల్లార్ లేకపోయినా, బేస్‌మెంట్‌లో నింపిన మట్టి సరిగ్గా దిమ్మిస చేయకపోతే టైల్స్ కుంగిపోవడం మన ఇళ్లలో చూస్తూనే ఉంటాం. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిచి, ట్యాంక్ వచ్చే చోట గట్టి నేల వరకు తవ్వి విడిగా కాంక్రీట్ బెడ్ వేయించుకోవాలి. ఇల్లు కడుతున్నప్పుడే అయితే ఖర్చు పెద్దగా తెలియదు. తర్వాత అయితే ఫ్లోరింగ్ పగలగొట్టాల్సిందే.

ఎత్తు పెరిగితేనే ప్రమాదం:

చాలామంది ట్యాంక్ ఎంత ఎత్తుంటే అంత బాగుంటుంది అనుకుంటారు. కానీ నీటి ఒత్తిడి పెరిగేది లీటర్లతో కాదు, లోతుతో. పైన చెప్పిన ట్యాంక్‌లో ముందు అద్దం ఒక్కదాన్నే నీళ్లు 1.2 టన్నుల బలంతో బయటికి తోస్తుంటాయి. ఎత్తు రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది. పైగా మూడడుగులు దాటితే అడుగున పడిన రాయి తీయడానికి చెయ్యి అందదు. ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుకుంటే పగడాలు పెరగడానికి చోటు, చేపలు తిరగడానికి దారి, లైట్‌కు తక్కువ లోతు.. అన్నీ కలిసొస్తాయి.

టఫెన్డ్ గ్లాస్‌కు తర్వాత రంధ్రం వేయలేం. వేయబోతే ముక్కలైపోతుంది. పైపుల రంధ్రాలు ఎక్కడో ముందే తేల్చుకోవాలి. అద్దం గుమ్మంలోంచి పడుతుందో లేదో కూడా టేపు పెట్టి చూసుకోవాలి. ఈ సైజువి సాధారణంగా ఇంట్లోనే అతికిస్తారు. సిలికాన్ పూర్తిగా ఆరేదాకా తొందరపడకూడదు.

పగిలితే ఏమవుతుందో బెర్లిన్‌లో ప్రపంచం చూసింది. 2022 డిసెంబర్ 16న అక్కడి హోటల్‌లోని అక్వాడోమ్ అనే భారీ యాక్రిలిక్ అక్వేరియం ఒక్కసారిగా బద్దలైంది. 10 లక్షల లీటర్ల నీళ్లు లాబీలోంచి రోడ్డు మీదికి వచ్చేశాయి. సుమారు 1,500 చేపల్లో దాదాపు అన్నీ చనిపోయాయి. తెల్లవారుజాము కావడంతో ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. ఇంటి ట్యాంక్ దాని ముందు చిన్నదే.. కానీ 3 వేల లీటర్లు హాల్లోని స్విచ్ బోర్డుల దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది?

నీళ్లు.. ఉప్పు.. ట్యాంకర్:

బోరు నీళ్లు నేరుగా పనికిరావు. వాటిలోని నైట్రేట్లు, ఇతర లవణాలు నాచును పెంచుతాయి, పగడాలను చంపుతాయి. ఆర్‌వో తర్వాత డీఅయొనైజేషన్ ఫిల్టర్ కూడా పెట్టి, టీడీఎస్ సున్నాకు తెచ్చాకే ఉప్పు కలపాలి. ఫిల్టర్ ట్యాంక్‌తో కలిపి 3,800 లీటర్లకు 135 కిలోలకు పైగా మెరైన్ సాల్ట్ కావాలి. వంటింటి ఉప్పు కాదు. ఇక్కడ ఎవరూ చెప్పని ఖర్చు ఇంకొకటుంది. ఆర్‌వోలో ఒక లీటరు మంచినీళ్లు వస్తే రెండు మూడు లీటర్లు వేస్ట్‌గా పోతాయి. అంటే మొదటిసారి నింపడానికే రెండు మూడు ట్యాంకర్లు తెప్పించుకోవాల్సి రావచ్చు.

లవణీయత లీటరుకు 35 గ్రాములు, ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు, కాల్షియం 420 పీపీఎం దగ్గర ఉంచాలి. అంకె కంటే ముఖ్యం అది రోజూ మారకుండా ఉండటం. నీళ్లు రోజుకు 30, 40 లీటర్లు ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం ట్యాంక్‌లోనే మిగులుతుంది కాబట్టి తగ్గినంత ఉప్పులేని శుద్ధ నీటినే పోయాలి. ఆ ఆవిరంతా గదిలోనే ఉండిపోతే గోడలకు చెమ్మ పడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

మన ఎండలకు చిల్లర్ లేకుండా కుదరదు. పగడం లోపల సూక్ష్మ శైవలాలు ఉంటాయి. దాని రంగు, తిండి చాలావరకు వాటివల్లే. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి అలాగే ఉంటే పగడం వాటిని బయటికి వదిలేసి తెల్లబడుతుంది. 2024లో లక్షద్వీప్ పగడపు దిబ్బల్లో జరిగింది ఇదే. సముద్రంలోనే అలా ఉంటే, మే నెలలో ఏసీ ఆపేసిన హాల్లో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చిల్లర్ వదిలే వేడి గాలి ఇంట్లోకి కాకుండా బయటికి పోయేలా పెట్టించాలి.

కరెంట్ పోతే:

అసలు పరీక్ష ఇదే. లైట్లు ఒకటి రెండు రోజులు లేకపోయినా పగడాలు తట్టుకుంటాయి. నీటి కదలిక ఆగితే మాత్రం ఆక్సిజన్ తగ్గి, చేపలు ఎక్కువున్న ట్యాంక్‌లో గంటల్లోనే చావులు మొదలవుతాయి. కాబట్టి ఇన్వర్టర్ మీద ముందుగా వేవ్‌మేకర్లు, తర్వాత రిటర్న్ పంపు, ఆ తర్వాతే మిగతావి. ఊళ్లో లేనప్పుడు ఇదంతా చూసుకునే మనిషి కూడా ఇంట్లో ఒకరుండాలి.

పంపు ఆగగానే పైనున్న నీళ్లు పైపుల్లోంచి కింది ఫిల్టర్ ట్యాంక్‌లోకి దిగుతాయి. దీన్ని కూడా సంప్ అనే అంటారు, మన ఇంటి ముందు నీళ్ల సంప్‌తో సంబంధం లేదు. నీటి మట్టం రెండు సెంటీమీటర్లు దిగినా 72 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నింపిన రోజే మెయిన్ ఆపేసి చూడండి. పొంగితే చేపలు వేయకముందే తెలుస్తుంది.

ఉప్పునీరు, కరెంట్ పక్కపక్కనే ఉండేవి కాబట్టి 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ లేకుండా ఒక్క ప్లగ్ కూడా పెట్టొద్దు. వైర్లు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా ఉంచితే, వైరు మీద జారిన నీళ్లు సాకెట్‌లోకి పోకుండా కిందికి రాలిపోతాయి.

చేపలు ఎప్పుడు వేయాలి?

నింపిన వారానికి కాదు. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా గోధుమ రంగు పొర, తర్వాత పచ్చ నాచు వస్తాయి. కంగారుపడి మందులు పోయొద్దు.

మొదట క్లౌన్‌ఫిష్ జంటతో మొదలుపెట్టడం నయం. వీటిని హ్యాచరీలో పెంచే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో అభివృద్ధి చేసింది. సినిమాలో డోరీగా అందరికీ తెలిసిన బ్లూ టాంగ్ సంగతి వేరు. దాన్ని 2016లో ఫ్లోరిడాలో పెంచగలిగినా, మార్కెట్లోకి వచ్చేవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే. ఏ చేప వచ్చినా కొన్ని వారాలు విడి ట్యాంక్‌లో ఉంచాలి. తెల్ల మచ్చల జబ్బు ఒక్కసారి పెద్ద ట్యాంక్‌లోకి వస్తే, రాళ్లన్నీ తీయకుండా చేపల్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

నీళ్లు మార్చేటప్పుడు రెండు వారాలకు పది శాతం లెక్కేసినా దాదాపు 380 లీటర్ల ఉప్పునీరు బయటికి వస్తుంది. దాన్ని మొక్కలకు గానీ, ఇంకుడు గుంతకు గానీ పంపొద్దు. మట్టి చవుడు బారుతుంది, బోరు నీళ్లు పాడవుతాయి. డ్రైనేజీ లైన్‌కు విడిగా పైపు వేయించడం కూడా ఇల్లు కట్టేటప్పుడే ప్లాన్‌లో రాసుకోండి.