అంచు మీది ఊరు

నారాయణపేట పాత పటాలను నేల మీద పరుచుకుని కూర్చున్నప్పుడల్లా నా చూపు ముందు అంచుల వైపే పోతుంది. సర్వే వాళ్ల మైలుకు అంగుళం పటాల్లో 77 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం దగ్గర ఒక షీటు ముగిసి ఇంకొకటి మొదలవుతుంది. ఆ గీత పేటను ఒరుసుకునే పోతుంది. పొలిమేరలతో సహా ఊరిని చూడాలంటే రెండు కాగితాలు పక్కపక్కన చేర్చాలి. చీర అంచును నమ్ముకుని బతికిన ఊరికి కాగితం మీద కూడా అంచే రాసిపెట్టి ఉంది.

ఆ ఊరికి ఏమైందో అందరికీ తెలిసిందే. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తెలిసీ ఈ పటాలు చూస్తుంటే, పాత ఫొటోలో నవ్వుతున్న పోయినవాళ్లను చూసినట్టే ఉంటుంది. అక్కడే ఆగిపోండి, ఆ పక్కకు తిరగండి అని చెప్పాలనిపిస్తుంది. చెబితే వినేవాళ్లు లేరు.

రైలు పట్టాలు లేని రోజులను ఊహించుకోండి. రాయచూరు నుంచి, గుల్బర్గా నుంచి, మక్తల్ నుంచి, కోయిలకొండ నుంచి వచ్చే బండి బాటలు పేటలో కలిసేవి. లోకాయపల్లి సంస్థానానికి ఇదే కొలువు. శివాజీ దండు వెంట వచ్చిన నేతగాళ్లు కొందరు తిరిగి పోలేక ఇక్కడే ఉండిపోయారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, చీరను చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. ఒళ్లంతా సన్నటి గళ్లు, వెడల్పాటి అంచు, ఎర్రటి కొంగులో తెల్లటి చారలు. తెలుగు చేతులు నేసిన చీరలో మరాఠీ కట్టు కనిపిస్తుంది. ఒక్క పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగేవి. ఒకే పడుగున పుట్టిన ఎనిమిది మంది అక్కచెల్లెళ్లు ఎనిమిది ఇళ్లకు వెళ్లిపోయేవారు.

1871లో బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే రాయచూరులో మద్రాసు పట్టాలను కలిసింది. ఆ తర్వాతి పటంలో పడమటి వైపు ఒక నల్లగీత నిటారుగా పరుగెత్తుతుంది. పేట దాకా రాదు. సైదాపూర్ దగ్గరి స్టేషనుకు మాత్రం నారాయణపేట రోడ్ అని పేరు పెట్టారు. రైలు భాషలో 'రోడ్' అంటే ఊరు ఇక్కడ లేదు, ఈ దారిన పోతే వస్తుంది అని. పట్టాలు వేసినవాళ్లకు ఈ ఊరి మీద పగ ఏమీ లేదు, రాయచూరు చేరడమే వాళ్ల గురి. ఆ గీత తూర్పుకు కాస్త ఒంగి ఉంటే ఎట్లా ఉండేదోనని ఎన్నిసార్లు వేలితో ఆ వంపు గీసి చూసుకున్నానో.

తర్వాత తూర్పున, మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వైపు ఇంకో గీత వచ్చింది. అదీ దూరంగానే పోయింది. రెండు పట్టాల నడుమ పేట ఎద్దుబండి మీదే మిగిలింది. మిల్లు గుడ్డకు మాత్రం దారి దొరికింది.

1956 నవంబర్ 1 నాటి రాష్ట్రాల గీత నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. అప్పటిదాకా సైదాపూరూ పేటా రెండూ నిజాం రాజ్యంలోవే, తర్వాత ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోవే. ఆ రోజు సైదాపూర్ మైసూరుకు, పేట ఆంధ్రప్రదేశ్‌కు. ఊరి పేరున్న స్టేషను ఇంకో రాష్ట్రానిదైపోయింది. ఇంట్లో ఒక భాష, వాకిట్లో ఇంకొకటి, బజార్లో మరో రెండు మాట్లాడుకునే మనుషుల మధ్య నుంచి, ఒకప్పుడు జిల్లాల మధ్య గీతగా ఉన్నదే రాష్ట్రాల గీతై కూర్చుంది.

ఆపైన మరమగ్గాలు వచ్చాయి. నేతగాడు రోజుల తరబడి నాడె ఆడించి తీసే అంచును యంత్రం అచ్చుగుద్దినట్టు దించేసింది. పద్మశాలీల పిల్లలు షోలాపూర్‌కో భివండీకో బస్సెక్కారు. చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చేసరికి, నేర్పాల్సిన పెద్దల చూపు మందగించింది.

ఒక నేత ఇంట్లో గుంత మగ్గం ఉండిన చోటు చూశాను. గుంత పూడ్చి నాలుగు తాండూరు బండలు పరిచారు. చుట్టూ ఉన్నవి ఏళ్ల తరబడి పాదాలకు అరిగి నునుపెక్కాయి. ఆ నాలుగూ ఇంకా గరుకుగానే ఉన్నాయి. ఇంటి పెద్దాయన నడుస్తూ అక్కడికి రాగానే తెలియకుండానే పక్కకు తప్పుకుంటాడు, గుంత ఇంకా అక్కడే ఉన్నట్టు.

1997-98లో మంజూరైన మహబూబ్‌నగర్-మునీరాబాద్ రైలు లైను 2023 నాటికి కృష్ణా స్టేషను చేరింది. దారిలో మరికల్, జక్లేర్, మక్తల్. పేట మళ్లీ పక్కనే ఉండిపోయింది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా అయింది. ఊళ్లో పూడిపోయిన బారం బావి అనే మెట్లబావి శుభ్రపడి, మెట్లు మళ్లీ వెలుగు చూశాయి. కొత్త పటంలో ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. చూసి సంతోషించాను, కళ్లు తడి చేసుకున్నాను.

ఆ పటాలు పెద్దాయన ముందు పరిచాను. కళ్లద్దాలు సర్దుకుని మూలనున్న గుర్తుల పట్టీ మీద వేలు పెట్టాడు. గుడి, మసీదు, బావి, చెరువు, తపాలా కచేరీ. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి.

"మగ్గానికి గుర్తు ఏడ పెట్టిండ్రు సారూ?" అని అడిగాడు.