పాలమూరు వాళ్లకు ఆస్కార్ రాబర్ట్‌సన్‌ను పరిచయం చేయాలంటే

అమెరికాలో మార్చి నెల వచ్చిందంటే దేశమంతా కాలేజీ బాస్కెట్‌బాల్ గోలే. మన దగ్గర ఇంటర్‌కాలేజీ పోటీలు చూడటానికి ఆడేవాళ్ల దోస్తులు తప్ప ఎవరూ రారు. ఇక్కడ అమెరికాలో వేలమంది టికెట్ కొని వస్తారు, టీవీ వాళ్లు కోట్ల డాలర్లు కడతారు. ఆ డబ్బులో ఆడే పిల్లలకు జీతంగా పైసా ఇవ్వకపోవడమే చాలాకాలం నియమం. ఆ నియమం సంగతి తెలియాలంటే బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ కథ తెలియాలి. నేనుండే సిన్సినాటిలో యూనివర్సిటీ స్టేడియం బయట ఆయన కంచు విగ్రహం ఉంది.

ఆస్కార్ 1938లో టెనెసీ రాష్ట్రంలోని చార్లట్‌లో పుట్టాడు. పసితనంలోనే వాళ్ల కుటుంబం ఇండియానాపొలిస్‌కు వలసపోయింది. 1910, 1970 మధ్య దాదాపు 60 లక్షలమంది నల్లజాతి జనం ఇలాగే దక్షిణాది పల్లెలు విడిచి ఉత్తరాది పట్టణాలు పట్టారు. పొలంలో మిగిలేది లేదు, తెల్లవాళ్ల జులుం ఆగేది లేదు. బొంబాయి బస్సెక్కినవాళ్ల పిల్లలకు ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. బంతి కొనే స్తోమత లేక గుడ్డపేలికలకు రబ్బరు బ్యాండ్లు చుట్టి, పెరట్లో పళ్లబుట్టలోకి విసిరి ఆట నేర్చుకున్నాడు ఆ పిల్లవాడు.

చదివింది క్రిస్పస్ ఆటక్స్ హైస్కూల్లో. ఇండియానా రాజకీయాల్లో తెల్లజాతి దురహంకారుల ముఠా కు క్లక్స్ క్లాన్ పెత్తనం చేసిన కాలంలో, నల్లపిల్లలను వేరుగా కూర్చోబెట్టడానికే కట్టి 1927లో తెరిచిన బడి అది. 1955లో ఆ బడి రాష్ట్ర చాంపియన్ అయింది. ఇండియానాపొలిస్ నగరానికి ఆ టైటిల్ రావడమే మొదటిసారి. దేశంలో మరే నల్లపిల్లల బడీ అందరికీ తెరిచిన రాష్ట్ర పోటీని అంతకుముందు గెలవలేదు. గెలిచినవాళ్లను నగరం నడిబొడ్డున మాన్యుమెంట్ సర్కిల్‌లో నిలబెట్టి సంబరం చేయడం అక్కడి ఆనవాయితీ. వీళ్లను మాత్రం ఫైరింజన్ మీద ఎక్కించి, సర్కిల్ చుట్టూ తిప్పి, నేరుగా నల్లవాళ్ల పేటలోని పార్కుకు తోలారు. కప్పు నగరానిది, పిల్లలు వాడవాళ్లు! ఊరికీ వాడకీ తేడా ఎరిగిన మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది? మరుసటి ఏడాది ఆటక్స్ ఒక్క ఆటా ఓడకుండా మళ్లీ గెలిచింది.

హైస్కూల్ అయ్యాక ఆస్కార్ సిన్సినాటి యూనివర్సిటీ తరఫున మూడు సీజన్లు ఆడాడు. 79 గెలుపులు, 9 ఓటములు. ఆటకు సగటున 33.8 పాయింట్లు. మూడేళ్లూ దేశంలో అందరికంటే ఎక్కువ కొట్టింది అతడే. 1958 జనవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సీటన్ హాల్ జట్టు అంతా కలిసి 54 పాయింట్లు తెస్తే, ఆస్కార్ ఒక్కడే 56 తెచ్చాడు. అంతటి ఆటగాడికి హ్యూస్టన్‌లో జట్టు దిగిన హోటల్లో గది లేదన్నారు. నల్లవాళ్ల కాలేజీ హాస్టల్లో తలదాచుకున్నాడు. జాతీయ చాంపియన్‌షిప్ మాత్రం అందలేదు. 1959లో, 1960లో సెమీఫైనల్‌లో కాలిఫోర్నియా చేతిలోనే ఓటమి. తమాషా ఏమిటంటే, అతడు వెళ్లిపోయాక సిన్సినాటి వరుసగా రెండేళ్లు గెలిచింది.

రోమ్ ఒలింపిక్స్ స్వర్ణం, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో రికార్డులు, 1971లో మిల్వాకీ జట్టుతో చాంపియన్‌షిప్ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ముఖ్యమైంది వేరు. 1965లో ఎన్‌బీఏ ఆటగాళ్ల యూనియన్‌కు ఆయన అధ్యక్షుడయ్యాడు. అప్పట్లో ఒప్పందం ముగిసినా ఆటగాడు జట్టు సొత్తే. యజమాని అమ్మితే పోవాలి, వద్దంటే ఊరుకోవాలి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్న పాలమూరు కూలీ, ఎక్కువ కూలి ఇస్తానన్న మరో మేస్త్రీ దగ్గరికి పోలేనట్టే. డబ్బులో పోలిక లేదు, నిజమే. కట్టిపడేసే తీరు మాత్రం ఒకటే. పోటీ లీగుతో ఎన్‌బీఏ కలిసిపోతే బేరమాడే దారి కూడా మూసుకుపోతుందని 1970లో రాబర్ట్‌సన్, తోటి ఆటగాళ్లు కోర్టుకెక్కారు. ఆరేళ్లు నడిచి 1976లో రాజీ కుదిరింది. ఆటగాడికి జట్టు మారే దారి దాంతోనే తెరుచుకుంది. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ మన పార్లమెంటు చట్టం చేసింది కూడా 1976లోనే. చట్టం వచ్చినా మేస్త్రీ అడ్వాన్సులు ఆగలేదన్నది మన కథ.

కాలేజీ పిల్లల జీతం సంగతి అలాగే మిగిలిపోయింది. యూసీఎల్‌ఏ యూనివర్సిటీ మాజీ ఆటగాడు ఎడ్ ఒబానన్ వేసిన కేసులో 2011లో డెబ్బై దాటిన రాబర్ట్‌సన్ కూడా చేరాడు. కాలేజీ ఆటలు నడిపేవాళ్లు తన బొమ్మ అమ్ముకుని సొమ్ము చేసుకుంటూ తనకు వాటా ఇవ్వరా అన్నది వాదన. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన మరో రాజీతో కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. పాత బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు పంచాలన్నది కూడా ఆ రాజీలో ఉంది. అది 2016 నుంచి ఆడినవాళ్లకే. 1960లో కాలేజీ విడిచిన ఆస్కార్‌కు అందులో పైసా రాదు.