అప్‌డేట్ తర్వాత హార్డ్‌డిస్క్ తెరుచుకోకపోతే: ముందు ‘ఫార్మాట్’ నొక్కకండి

చుండూరులో దళితులను చంపింది 1991 ఆగస్టు 6న. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. ఆ శిక్షలను హైకోర్టు 2014లో కొట్టేసింది. 1985 నాటి కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. మన కేసుల్లో సాక్ష్యం పదహారేళ్లు, ఇరవై మూడేళ్లు బతికి ఉండాలని ఈ తేదీలే చెబుతున్నాయి. ఇవాళ నిజనిర్ధారణ కమిటీ తీసిన వీడియోలు, బాధితుల వాంగ్మూలాలు, ఎఫ్ఐఆర్ స్కాన్లు, గాయాల ఫొటోలు ఎక్కువగా ఉండేది ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో. దాని వారంటీ మామూలుగా రెండు మూడేళ్లు.

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ చెరువు కట్టించి వేయించిన శాసనం ఉంది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఆ 13వ శతాబ్దపు రాయి ముఖ్యమైన ఆధారం. ఆ చెరువు మట్టి మోసినవాళ్ల వంశక్రమం మాత్రం ఏ రాతి మీదా ఎక్కలేదు. ఇప్పుడు మన రికార్డు మనమే రాసుకుంటున్నాం. పోడు భూమి దరఖాస్తు, గ్రామసభ తీర్మానం, 2005 డిసెంబరు 13కి ముందే సాగులో ఉన్నామని పెద్దమనుషులు చెప్పిన మాటల రికార్డింగు, అన్నీ డిస్క్‌లోకి చేరుతున్నాయి. కానీ బయ్యారం లాంటి మండల కేంద్రంలో డిస్క్ మొరాయిస్తే డేటా రికవరీ కోసం ఖమ్మమో, వరంగలో, హైదరాబాదో పోవాల్సిందే. అందుకే దారి ఖర్చు పెట్టుకునే ముందు మన దగ్గరే చేయగలిగినవి, అసలు చేయకూడనివి ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

ఒక్క మాట మాత్రం ముందే గుర్తు పెట్టుకోండి. అప్‌డేట్ అయిన మర్నాడు డిస్క్ కనపడకపోతే చాలాసార్లు లోపలి ఫైళ్లు అలాగే ఉంటాయి. వాటిని నిజంగా పోగొట్టేది ఆ తర్వాత కంగారులో మనం నొక్కే బటన్.

అప్‌డేట్‌లో ఏం మారుతుంది

కంప్యూటర్‌కీ డిస్క్‌కీ మధ్య మాట కలిపేది డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం. అప్‌డేట్ వచ్చినప్పుడు పాత డ్రైవర్ పోయి కొత్తది రావచ్చు. యూఎస్‌బీ పోర్టుకు కరెంటు ఎప్పుడు ఆపాలన్న సెట్టింగు మారవచ్చు. నిన్న ‘ఇ’ అనే అక్షరంతో కనపడిన డిస్క్ ఇవాళ ‘ఎఫ్’ కావచ్చు, లేదా అక్షరమే లేకుండా పోవచ్చు. అక్షరం లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా ‘దిస్ పీసీ’లో కనపడదు. డిస్క్ కంపెనీ ఇచ్చిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌తో పొసగకపోవడం ఇంకో కారణం.

ఇంతకుముందు జరిగినవి

2013 అక్టోబరులో ఆపిల్ ‘మావెరిక్స్’ విడుదల చేశాక కొందరి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లలో డేటా పోయింది. వెస్టర్న్ డిజిటల్ కంపెనీ తన డిస్క్‌లతో ఇచ్చే సాఫ్ట్‌వేర్లను వెంటనే తీసేయమని వినియోగదారులకు మెయిళ్లు పంపింది.

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ (1809) కొందరి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోని ఫైళ్లనే తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే ఆపేసి, సరిచేసి నవంబరులో మళ్లీ ఇచ్చింది. అప్పుడు బయట వేరే కాపీ ఉన్నవాళ్లు బతికిపోయారు.

2019 మే అప్‌డేట్ (1903) అప్పుడు యూఎస్‌బీ డిస్క్ గానీ మెమరీ కార్డు గానీ తగిలించి ఉన్న కంప్యూటర్లకు అప్‌డేట్‌నే నిలిపేశారు. డ్రైవ్ అక్షరాలు తారుమారవుతున్నాయని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. అప్‌డేట్‌కు ముందు డిస్క్ పీకేయాలన్న జాగ్రత్తకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

2025 ఆగస్టులో ఒక విండోస్ 11 అప్‌డేట్ ఎస్‌ఎస్‌డీలను పాడు చేస్తోందని ప్రచారం జరిగింది. తమ పరిశీలనలో అప్‌డేట్‌కూ ఆ వైఫల్యాలకూ సంబంధం కనపడలేదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. చిప్‌లు చేసే ఫైసన్ కంపెనీ కూడా తన పరీక్షల్లో ఆ లోపం రాలేదంది. కాబట్టి అప్‌డేట్ రోజునే డిస్క్ పోయినంత మాత్రాన తప్పు అప్‌డేట్‌దే అనుకోనక్కర్లేదు. పాతబడ్డ డిస్క్ ఆ రోజే చేతులెత్తేసి ఉండవచ్చు. కారణం ఏమిటో వరుసగా చూసుకుంటూ పోవాలి.

డిస్క్ కనపడకపోతే: వరుస క్రమం

1. చెవి పెట్టి వినండి. టక్ టక్ అని కొట్టుకుంటున్నా, గీరుతున్న చప్పుడు వస్తున్నా వెంటనే పీకేయండి. అది యంత్రం లోపలి దెబ్బ. మళ్లీ మళ్లీ తగిలించి చూసేకొద్దీ నష్టం పెరుగుతుంది. ఇక్కడితో ఆపి రికవరీవాళ్ల దగ్గరికి పోవాలి.

2. చప్పుడేమీ లేకపోతే కేబుల్ మార్చండి. హబ్ తీసేసి నేరుగా తగిలించండి. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టులో పెట్టండి. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. తిరిగే హార్డ్‌డిస్క్‌కు కరెంటు చాలకపోతే లైటు వెలుగుతుంది గానీ డిస్క్ కనపడదు.

3. ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. వీలైతే అప్‌డేట్ కానిదాంట్లో. అక్కడ తెరుచుకుంటే డిస్క్ బాగున్నట్టే. మీ సిస్టమ్ సంగతి తర్వాత, ముందు అక్కడే మొత్తం కాపీ తీసుకోండి.

4. ఎక్కడా తెరుచుకోకపోతే విండోస్ కీతో ఎక్స్ నొక్కి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. డిస్క్ ‘హెల్దీ’ అని ఉండి అక్షరం లేకపోతే, దాని మీద రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్’లో ఒక అక్షరం ఇవ్వండి. అప్‌డేట్ తర్వాత సమస్యల్లో తేలిగ్గా తీరేది ఇదే. ‘ఆఫ్‌లైన్’ అని ఉంటే రైట్ క్లిక్‌తో ‘ఆన్‌లైన్’ చేయండి.

5. అక్కడ కూడా కనపడకపోతే ‘డివైస్ మేనేజర్’లో ఆ డిస్క్ పేరు మీద ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. దీంతో పోయేది డ్రైవర్ మాత్రమే, ఫైళ్లు కాదు. డ్రైవర్ మళ్లీ కొత్తగా చేరుతుంది.

6. డిస్క్ మాటిమాటికీ తగిలి ఊడిపోతుంటే పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ ఆపేసి చూడండి.

7. వేరే కంప్యూటర్‌లో బాగానే పనిచేస్తూ మీ దాంట్లోనే మొరాయిస్తే అప్‌డేట్‌ను వెనక్కి తీసుకోవచ్చు. విండోస్ అప్‌డేట్‌లో ‘అప్‌డేట్ హిస్టరీ’కి పోయి ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నొక్కండి. పెద్ద వెర్షన్ మారితే ‘గో బ్యాక్’ అనే అవకాశం మామూలుగా 10 రోజులే ఉంటుంది.

‘ఫార్మాట్ చేయాలి’ అని అడిగితే

డిస్క్ పెట్టగానే, వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలని ఒక పెట్టె వస్తుంది. ‘క్యాన్సిల్’ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ఇనిషియలైజ్’ చేయమని అడిగినా అదే జవాబు.

‘రా’ అని చూపిస్తోందంటే ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టికను విండోస్ చదవలేకపోతోందని అర్థం. పుస్తకంలో విషయసూచిక చిరిగినా పేజీలు ఉంటాయి కదా, అలాగన్నమాట. ఫార్మాట్ చేస్తే కొత్త ఖాళీ సూచిక తయారవుతుంది. దాని మీద కొత్త ఫైళ్లు రాయడం మొదలుపెడితే పాత పేజీలు కూడా చెరిగిపోతాయి.

‘చెక్‌డిస్క్’ నడపమని చాలామంది సలహా ఇస్తారు. అది సూచికను బాగుచేసే క్రమంలో మార్చేస్తుంది కూడా. ఇంకో కాపీ లేని డిస్క్ మీద దాన్ని నడపకండి. ముందు ‘డీడీరెస్క్యూ’ లాంటి ఉచిత సాధనంతో డిస్క్ మొత్తానికి నకలు తీసి, ఆ నకలు మీద పనిచేయాలి. ‘టెస్ట్‌డిస్క్’ పోయిన విభాగాలను వెతుకుతుంది. ‘ఫొటోరెక్’ ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్లను బయటికి తీస్తుంది. రెండూ ఉచితమే. బయటికి తీసిన ఫైళ్లను అదే డిస్క్‌లో కాదు, వేరే డిస్క్‌లో దాచాలి.

48 అంకెల తాళం అడిగితే

కొన్ని డిస్క్‌లు ‘బిట్‌లాకర్’తో తాళం వేసి ఉంటాయి. కంప్యూటర్ లోపలి డిస్క్‌కు కూడా, కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, మనం అడగకుండానే తాళం పడవచ్చు. అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఆ ఖాతాలో దొరుకుతుంది. ఖాతా ఎవరి పేరున ఉంది? సంఘం కంప్యూటర్‌లో ఎప్పుడో చదువు ముగించి వెళ్లిపోయిన విద్యార్థి మెయిల్ ఉంటే తాళం అతని చేతిలో ఉన్నట్టే. ఇవాళే చూసుకుని ఆ కీని కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర పెట్టండి. కీ పోతే డేటా తిరిగి తీయడం దాదాపు అసాధ్యం.

విండోస్ 10 నుంచి లినక్స్‌కు మారినవాళ్లకు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. సంఘాల ఆఫీసుల్లో, గ్రంథాలయాల్లో ఉన్న పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 అర్హతలు లేవు. వాటిని పారేయకుండా లినక్స్ వేసుకోవడం మంచి దారి. అయితే అక్కడ పాత డిస్క్ పెడితే తెరుచుకోకపోవడమో, ఫైళ్లు చూడనిచ్చి కొత్తవి రాయనివ్వకపోవడమో జరుగుతుంది. డిస్క్‌ను విండోస్ నుంచి సరిగా విడదీయకుండా పీకేయడం, లేదా ‘ఫాస్ట్ స్టార్టప్’ వల్ల విండోస్ పూర్తిగా ఆగకపోవడం దీనికి కారణం. డిస్క్‌ను మళ్లీ ఒక విండోస్ కంప్యూటర్‌కు తగిలించి, ‘సేఫ్లీ రిమూవ్’ చేసి, షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ చేయండి. అది వీలుకాకపోతే లినక్స్‌లో చదవడానికి మాత్రమే తెరిచి కాపీ తీసుకోండి.

మ్యాక్‌లో విండోస్ పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను చదవగలం గానీ రాయలేం. రాయడానికి పెట్టుకున్న ఇతర సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఆగిపోవచ్చు. అన్ని సిస్టమ్‌ల మధ్య తిరిగే కొత్త డిస్క్ అయితే మొదటే ‘ఎక్స్‌ఫ్యాట్’ పద్ధతిలో పెట్టుకోండి. దాంట్లో పని ముగిశాక సరిగా విడదీసే అలవాటు తప్పనిసరి.

షాపులో ఇచ్చే ముందు

మన డిస్క్‌లో పెళ్లి వీడియోలు ఒక్కటే ఉండవు. లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు ఊళ్లోని పెత్తందారుల చేతికి చిక్కితే జరిగేది మనకు తెలుసు. కాబట్టి డిస్క్‌ను షాపులో వదిలిపెట్టి రాకండి. పక్కన కూర్చుని చేయించుకోండి. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, డిస్క్ సీరియల్ నంబర్ ఎంత అన్నది రశీదు మీద రాయించుకోండి. తీసిన కాపీ షాపు కంప్యూటర్‌లో మిగలకుండా చూడండి.

కోర్టులో నిలబడాలంటే

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. దాంట్లో ఒక భాగం సమర్పించేవాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైల్ హాష్ విలువ అందులో రాయాలి.

హాష్ అంటే ఫైల్ వేలిముద్ర. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఈ విలువ మారిపోతుంది. డిస్క్ మారినా, డ్రైవ్ అక్షరం మారినా, ఫైల్ పేరు మార్చినా విలువ మారదు. ‘సెవెన్-జిప్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఫైల్ మీద రైట్ క్లిక్‌తోనే ఎస్‌హెచ్‌ఏ-256 విలువ వస్తుంది. వీడియో తీసిన రోజే దాన్ని రిజిస్టరులో తేదీ వేసి రాసుకోండి. రేపు డిస్క్ పాడై, వేరే కాపీ నుంచి ఫైల్ తేవాల్సి వచ్చినా అది అదే ఫైల్ అని చూపించవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోయి వేరే ఫైల్ అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు మెమరీ కార్డును విడిగా దాచండి.

పోలీసులు డిస్క్ స్వాధీనం చేసుకుంటే హాష్ విలువను పంచనామాలో రాయమని అక్కడికక్కడే అడగండి. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ ద్వారా ఫైళ్లు చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. ఆ అనుభవం తర్వాత ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

ఇక నుంచి పాటించాల్సినవి

- అప్‌డేట్‌కు ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు అన్నీ పీకేయండి. కేసు పని మధ్యలో ఉంటే అప్‌డేట్‌ను కొన్ని రోజులు ఆపి ఉంచండి. శాశ్వతంగా ఆపకండి, భద్రత పోతుంది.
- ముఖ్యమైన ప్రతి ఫైల్‌కూ మూడు కాపీలు ఉండాలి. రెండు వేర్వేరు రకాల సాధనాల్లో పెట్టాలి. ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. మూడూ ఒకే ఆఫీసు బీరువాలో ఉంటే ఒక కాపీ కిందే లెక్క.
- వేరే ఊరి కాపీకి తాళం వేయండి. కీ మాత్రం డిస్క్‌తో పాటు పెట్టకండి.
- ఆరు నెలలకోసారి ప్రతి డిస్క్ తెరిచి, నాలుగు ఫైళ్ల హాష్ విలువలు రిజిస్టరుతో సరిచూడండి. విద్యార్థి సంఘాల్లో ఈ పనికి ఇద్దరి పేర్లు రాసి పెట్టుకోండి.
- అయిదేళ్లు దాటిన డిస్క్ పనిచేస్తున్నా సరే, కొత్తదానికి మార్చండి.
- వాంగ్మూలాలు, ఎఫ్ఐఆర్, గ్రామసభ తీర్మానాలు కాగితం మీద కూడా ఉంచండి. కాగితానికి అప్‌డేట్లు రావు.

ఒక టెరాబైట్ డిస్క్ ఇంకొకటి కొనడానికి అయ్యే కొన్ని వేలు చిన్న సంఘానికి భారమే. నలుగురు కలిసి చందా వేసుకున్నా సరే, అది కేసు ఖర్చులో భాగమే అనుకోండి. లాయరు ఫీజు, దారి ఖర్చుల పక్కన దాని పేరు కూడా రాసుకోవాలి.